బ్లోవర్ ఎంపిక: ఏ బ్లేడు ఏ పనికి, లెక్క తప్పితే ఏది ఎలా నడుస్తుంది

సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ (గాలిని మధ్యలో పీల్చి అంచుల నుంచి విసిరే బ్లోవర్) కొనేవాళ్లు ముందుగా అడిగేది "ఎంత గాలి ఇస్తుంది?" అని. కేటలాగ్‌లో దానికి జవాబుగా రెండు అంకెలు ఉంటాయి: గరిష్ఠ గాలి, గరిష్ఠ ప్రెషర్. రెండూ నిజమైన అంకెలే, కానీ రెండూ ఒకేసారి రావు. ఫ్యాన్‌కు ముందూ వెనకా ఏ అడ్డూ లేకుండా వదిలేస్తే గరిష్ఠ గాలి వస్తుంది, అప్పుడు స్టాటిక్ ప్రెషర్ (అడ్డును దాటించడానికి పనికొచ్చే ఒత్తిడి) సున్నా. గరిష్ఠ ప్రెషర్ దగ్గరికి వెళ్లేసరికి గాలి బాగా తగ్గిపోయి ఉంటుంది. మీ పని ఈ రెండు కొసల మధ్య ఎక్కడో ఒకచోట జరుగుతుంది. ఆ చోటు తెలియకుండా రెండు ఫ్యాన్లను పోల్చడం అంటే, ఎంత బరువు వేస్తామో చెప్పకుండా రెండు బళ్ల వేగాన్ని పోల్చడమే.

నా మటుకు నేను అడగమని చెప్పే ప్రశ్న వేరే ఉంది: "నా లెక్క తప్పితే ఈ ఫ్యాన్ ఏం చేస్తుంది?" డక్ట్‌లో, అంటే గాలి పోయే గొట్టంలో, గాలికి ఎదురయ్యే నిరోధాన్ని ఎంత జాగ్రత్తగా లెక్కేసినా, కట్టాక వచ్చే అంకె వేరుగానే ఉంటుంది. ఒక వంపు పెరుగుతుంది, ఒక ఫిల్టర్ మారుతుంది, ఒక డ్యాంపర్ (గాలి దారిని మూసి తెరిచే పలక) సగంలో ఇరుక్కుపోతుంది. అప్పుడు ఒక రకం ఫ్యాన్ మోటారును కాల్చేస్తుంది, ఇంకో రకం గాలి కాస్త తగ్గించి ఊరుకుంటుంది, మరో రకం డబడబా కొట్టుకుంటూ ఊగుతుంది. ఈ తేడా అంతా బ్లేడు వంపు నుంచి వస్తుంది. అందుకే ఎంపిక అక్కడి నుంచే మొదలుపెడదాం.

లోపల గాలికి ఏమవుతుంది

ఇంపెల్లర్ (బ్లేడ్లు బిగించిన చక్రం) మధ్యలో ఉన్న కంటి గుండా గాలి షాఫ్ట్ దిశలో లోపలికి వస్తుంది. బ్లేడ్ల మధ్యకు చేరేసరికి 90 డిగ్రీలు తిరిగి అంచుల వైపు విసిరివేయబడుతుంది. అలా బయటికొచ్చిన గాలిని నత్తగుల్లలా పెరుగుతూ పోయే కేసింగ్ పోగుచేస్తుంది. కేసింగ్ వెడల్పయ్యే కొద్దీ గాలి నెమ్మదిస్తుంది, ఆ తగ్గిన వేగంలో కొంత భాగం ప్రెషర్‌గా మారుతుంది. డక్ట్‌లో గాలిని నెట్టేది ఆ ప్రెషరే.

వేగానికి, ప్రెషర్‌కి ఉన్న లెక్క చిన్నది: సాంద్రతలో సగాన్ని వేగం వర్గంతో గుణించాలి. మామూలు గది ఉష్ణోగ్రతలో ఒక క్యూబిక్ మీటరు గాలి సుమారు 1.2 కిలోలు ఉంటుంది. సెకనుకు 10 మీటర్ల వేగంతో పోయే గాలిలో 60 పాస్కల్ (ప్రెషర్‌ను కొలిచే యూనిట్) ఉంటుంది. 20 మీటర్లయితే 240. వేగం రెట్టింపయితే ప్రెషర్ నాలుగింతలు. ఈ ఒక్క విషయం మనసులో ఉంటే ఫ్యాన్ల గురించి సగం తెలిసినట్టే, ఎందుకంటే డక్ట్‌లో పోయే నష్టం కూడా దాదాపు ఇలాగే వేగం వర్గంతో పెరుగుతుంది.

ఇప్పుడు బ్లేడు వంపు సంగతి. ఇంపెల్లర్ తిరిగే దిశలోకే కొసలు వంగి ఉంటే అది ఫార్వర్డ్ కర్వ్‌డ్. అది గాలిని తన కొస వేగం కంటే ఎక్కువ వేగంతో ముందుకు విసురుతుంది. తిరిగే దిశకు వ్యతిరేకంగా వాలి ఉంటే బ్యాక్‌వర్డ్. దాని నుంచి గాలి కొస వేగం కంటే తక్కువ వేగంతో బయటికొస్తుంది. నిట్టనిలువుగా బయటికి చూస్తుంటే రేడియల్. అది ఈ రెండింటి నడుమ.

ఒకే ప్రెషర్ కావాలంటే ఫార్వర్డ్ బ్లేడున్న ఇంపెల్లర్‌ను తక్కువ వేగంతో తిప్పితే చాలు. ఒక ఉజ్జాయింపు చెబుతాను. 1,000 పాస్కల్ కావాలంటే బ్యాక్‌వర్డ్ ఇంపెల్లర్ కొస సెకనుకు 40 మీటర్ల దరిదాపుల్లో తిరగాలి. 1,450 ఆర్‌పీఎం మోటారుకు నేరుగా తగిలిస్తే ఇంపెల్లర్ వ్యాసం 52 సెంటీమీటర్ల చిల్లర వస్తుంది. అదే ప్రెషర్‌కు ఫార్వర్డ్ రకానికి సెకనుకు 26 మీటర్ల దగ్గర కొస వేగం సరిపోతుంది. అందుకే అది చిన్నగా ఉంటుంది, నెమ్మదిగా తిరుగుతుంది, చవగ్గా వస్తుంది.

మరి అందరూ అదే ఎందుకు కొనకూడదు? ఫార్వర్డ్ రకంలో గాలికి అందే శక్తిలో ఎక్కువ భాగం వేగం రూపంలో ఉంటుంది. దాన్ని ప్రెషర్‌గా మార్చే భారమంతా కేసింగ్ మీద పడుతుంది. దూసుకుపోయే గాలిని నెమ్మదింపజేసేటప్పుడు సుడులు పుడతాయి, శక్తి వేడిగా పోతుంది. బ్యాక్‌వర్డ్ రకంలో ప్రెషర్‌లో పెద్ద వాటా బ్లేడ్ల మధ్యే తయారైపోతుంది, కేసింగ్‌కు మిగిలే పని తక్కువ. సామర్థ్యంలో తేడా అక్కడే వస్తుంది. బాగా చేసిన బ్యాక్‌వర్డ్ ఫ్యాన్ 75 నుంచి 80 శాతం ఇస్తే, ఫార్వర్డ్‌ది మామూలుగా 55 నుంచి 65 మధ్య ఉంటుంది.

ముందు మీ పాయింట్ తెలుసుకోండి

ఫ్యాన్ ఎక్కడ పనిచేస్తుందో నిర్ణయించేది ఫ్యాన్ ఒక్కటే కాదు. ఫ్యాన్‌కు ఒక కర్వ్ ఉంటుంది: ఇంత గాలికి ఇంత ప్రెషర్ అని. మీ డక్ట్‌కూ ఒక కర్వ్ ఉంటుంది: ఇంత గాలి పోవాలంటే ఇంత ప్రెషర్ కావాలి అని. రెండూ కలిసే చోటే మీ పాయింట్. డక్ట్ కర్వ్ గాలి వర్గంతో పైకి లేస్తుంది. గాలి 20 శాతం పెంచాలంటే ప్రెషర్ 44 శాతం పెరగాలి, పవర్ 73 శాతం పెరగాలి.

ఈ 73 శాతాన్ని కాస్త ఆగి చూడండి. లెక్క వేసినవాళ్లు "ఎందుకైనా మంచిది" అని పది శాతం కలుపుతారు. ఫ్యాన్ అమ్మేవాళ్లు ఇంకో పది కలుపుతారు. చివరికి పెద్ద ఫ్యాన్ వచ్చి కూర్చుంటుంది. అది ఎక్కువ గాలి ఇస్తోందని డ్యాంపర్ మూసి నడుపుతారు. కరెంటు పెట్టి పుట్టించిన ప్రెషర్‌ను డ్యాంపర్ దగ్గర పారబోయడమే అది. ఒకసారి నమ్మకంగా లెక్క వేసి, కలపాల్సిన మార్జిన్ ఒక్కచోటే, తెలిసి కలపడం మేలు.

పవర్ లెక్క కూడా ఎవరైనా వేసుకోగలిగేదే. సెకనుకు ఎన్ని క్యూబిక్ మీటర్లు, ఎన్ని పాస్కల్, ఈ రెండింటినీ గుణించి సామర్థ్యంతో భాగిస్తే వాట్లు వస్తాయి. సెకనుకు 2 క్యూబిక్ మీటర్లు, 1,000 పాస్కల్ తీసుకుందాం. గాలికి చేరాల్సింది 2 కిలోవాట్లు. 78 శాతం సామర్థ్యమున్న బ్యాక్‌వర్డ్ ఫ్యాన్‌కు షాఫ్ట్ దగ్గర 2.56 కిలోవాట్లు కావాలి. 60 శాతం ఉన్న ఫార్వర్డ్ ఫ్యాన్‌కు 3.33. ఏడాదికి 6,000 గంటలు నడిస్తే తేడా సుమారు 4,600 యూనిట్లు. అదే ఫ్యాన్ ఏడాదికి 300 గంటలే నడిస్తే తేడా 230 యూనిట్లు. రోజంతా నడిచేదానికీ, అప్పుడప్పుడూ నడిచేదానికీ ఒకే సలహా ఇవ్వలేకపోవడానికి కారణం ఇదే.

సామర్థ్యం అంకె చూసేటప్పుడు ఒక జాగ్రత్త. కొందరు టోటల్ ప్రెషర్ మీద సామర్థ్యం చెబుతారు, కొందరు స్టాటిక్ ప్రెషర్ మీద. టోటల్‌లో బయటికి పోయే గాలి వేగం కూడా కలిసి ఉంటుంది కాబట్టి అంకె పెద్దగా కనిపిస్తుంది. రెండు కంపెనీల ఫ్యాన్లను పోల్చేటప్పుడు రెండూ ఒకే రకం అంకెలా కాదా అని అడిగి తీరాలి.

ఫార్వర్డా, బ్యాక్‌వర్డా

ఎక్కువమంది తేల్చుకోవాల్సింది ఈ రెండింటి మధ్యే. సామర్థ్యం సంగతి పైన చూశాం. అంతకంటే ముఖ్యమైనది పవర్ కర్వ్.

ఫార్వర్డ్ ఫ్యాన్‌లో గాలి పెరిగే కొద్దీ మోటారు మీద లోడు పెరుగుతూనే పోతుంది, ఎక్కడా ఆగదు. నిరోధం మీరు అనుకున్నదానికంటే తక్కువ ఉంటే గాలి ఎక్కువ పోతుంది, మోటారు ఓవర్‌లోడ్ అవుతుంది. ఒక కొత్త భవనంలో ఫ్రెష్ ఎయిర్ బ్లోవర్ విషయంలో నేను ఇది కళ్లారా చూశాను. డక్ట్ పని సగమే అయింది, ఫిల్టర్లు ఇంకా బిగించలేదు, టెస్ట్ కోసం ఆన్ చేశారు. పది నిమిషాల్లో ట్రిప్. మోటారు లోపం అనుకుని మోటారు మార్చారు, మళ్లీ ట్రిప్. బేరింగులు చూశారు, కేబుల్ చూశారు. చివరికి డ్యాంపర్‌ను సగం మూస్తే కరెంటు రేటింగ్ లోపలికి దిగింది. గాలికి దారి మూస్తే మోటారుకు భారం పెరుగుతుందని మనకు సహజంగా అనిపిస్తుంది. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్‌లో జరిగేది దానికి తలకిందులు: గాలి తగ్గితే పని తగ్గుతుంది. ఆ రోజు అక్కడున్న అందరికీ ఒక మంచి మోటారు, రెండు రోజుల టెన్షన్ ఖర్చయ్యాక ఆ సంగతి అర్థమైంది.

బ్యాక్‌వర్డ్ ఫ్యాన్‌లో పవర్ కర్వ్ ఒక శిఖరానికి చేరి మళ్లీ కిందికి దిగుతుంది. ఆ శిఖరం దాని మంచి సామర్థ్యం వచ్చే చోటుకు దగ్గర్లోనే ఉంటుంది. ఆ శిఖరానికి సరిపడా మోటారు పెట్టేస్తే, ఆ వేగంలో, ఆ సాంద్రత గల గాలితో, డక్ట్ ఊడిపోయినా తలుపు తెరుచుకున్నా మోటారు కాలదు. దీన్నే నాన్ ఓవర్‌లోడింగ్ అంటారు. నిరోధం లెక్క మీద మీకు నమ్మకం లేకపోతే ఈ ఒక్క గుణం కోసమైనా బ్యాక్‌వర్డ్ తీసుకోవచ్చు.

నిరోధం ఎక్కువైతే? అక్కడ ఫార్వర్డ్ ఇంకో రకంగా ఇబ్బంది పెడుతుంది. దాని ప్రెషర్ కర్వ్‌లో శిఖరానికి ఎడమవైపు ఒక పల్లం ఉంటుంది. ఫిల్టర్లు మూసుకుపోయి పాయింట్ ఆ పల్లంలోకి జరిగితే ఒకే ప్రెషర్‌కు రెండు మూడు గాలి విలువలు కుదురుతాయి. ఫ్యాన్ ఒకదాని నుంచి ఇంకోదానికి దూకుతూ ఉంటుంది. డక్ట్ గోడలు ఊపిరి తీస్తున్నట్టు కదులుతాయి, శబ్దం ఎగసి పడుతుంది. రెండు ఫార్వర్డ్ ఫ్యాన్లను పక్కపక్కనే ఒకే డక్ట్‌కు కలిపితే ఈ బాధ ఇంకా ఎక్కువ, ఒకటి బాగా లాగుతుంటే రెండోది ఉట్టినే తిరుగుతుంది. అందుకే ఫార్వర్డ్ తీసుకుంటే మీ పాయింట్ శిఖరానికి కుడివైపు, కాస్త దూరంగా ఉండేట్టు చూసుకోవాలి. పూర్తి తెరిచినప్పుడు వచ్చే గాలిలో 40 నుంచి 50 శాతం దగ్గర దానికి మంచి సామర్థ్యం. బ్యాక్‌వర్డ్‌కు అది 50 నుంచి 60 శాతం దగ్గర ఉంటుంది, కర్వ్ కూడా నునుపుగా నిటారుగా దిగుతుంది. నిటారు కర్వ్ వల్ల లాభం ఏమిటంటే, ఫిల్టర్ మురికిపట్టి నిరోధం పెరిగినా గాలి పెద్దగా తగ్గదు.

ఇదంతా చదివితే ఫార్వర్డ్‌ను తీసిపారేస్తున్నానని అనిపించవచ్చు. కాదు. పంతొమ్మిదో శతాబ్దం చివర్లో బెల్‌ఫాస్ట్‌లో తేయాకు ఆరబెట్టే యంత్రాలు చేసే శామ్యూల్ డేవిడ్‌సన్ ఈ రకం ఫ్యాన్‌ను రూపొందించాడు. సిరోకో అనే పేరుతో అది ప్రపంచమంతా పాకింది. ఇన్నేళ్లయినా అది పోలేదంటే కారణం ఉంది. తక్కువ ప్రెషర్, ఎక్కువ గాలి, తక్కువ చోటు, ఈ మూడూ కలిసే చోట దానికి పోటీ లేదు. ఫ్యాన్ కాయిల్ యూనిట్లలో, కారు ఏసీలో, ఎయిర్ కర్టెన్లలో ఉండేది అదే. 24 నుంచి 64 దాకా చిన్న చిన్న బ్లేడ్లతో ఉడుత బోనులా ఉంటుంది, నెమ్మదిగా తిరుగుతుంది, మనుషుల పక్కనే పెట్టొచ్చు. నిరోధం ముందే తెలిసి, మారకుండా ఉండే చోట, ఫ్యాక్టరీలో పెట్టె లోపలే బిగించి వచ్చే యంత్రాల్లో, దాని లోపాలు బయటపడే అవకాశమే రాదు.

నా తీర్పు ఇది. ప్రెషర్ 300 పాస్కల్ లోపు, చోటు తక్కువ, నడిచే గంటలు తక్కువ అయితే ఫార్వర్డ్. 500 దాటితే, లేదా రోజంతా నడిస్తే, లేదా డక్ట్ పొడవు, వంపులు ఇంకా తేలలేదంటే కళ్లు మూసుకుని బ్యాక్‌వర్డ్. మధ్యలో ఉన్నవాటికి కర్వ్‌లు పక్కపక్కన పెట్టి చూడాల్సిందే.

ఎయిర్‌ఫాయిల్ ఎప్పుడు

బ్యాక్‌వర్డ్ బ్లేడునే విమానం రెక్కలా మందంగా, ముందు గుండ్రంగా, వెనక సన్నగా చేస్తే అది ఎయిర్‌ఫాయిల్. సామర్థ్యం 80 నుంచి 85 శాతం దాకా, బాగా చేస్తే ఇంకాస్త పైకి పోతుంది. శబ్దమూ తక్కువే. పెద్ద ఎయిర్ హ్యాండ్లింగ్ యూనిట్లకు, ఏడాది పొడవునా తిరిగే శుభ్రమైన గాలికి ఇది సరైనది.

శుభ్రమైన గాలికి అన్న మాట మీద నొక్కి చెబుతున్నాను. ఈ బ్లేడు లోపల బోలుగా ఉంటుంది. గాలిలో గరుకు దుమ్ము ఉంటే ముందు అంచు అరిగి చిల్లు పడుతుంది. చిల్లులోంచి దుమ్ము లోపలికి చేరుతుంది. ఒక బ్లేడులో ఎక్కువ, ఒక దానిలో తక్కువ చేరితే బ్యాలెన్స్ పోయి ఫ్యాన్ వణకడం మొదలవుతుంది, బేరింగులు పోతాయి. దుమ్ము వచ్చే అవకాశం కాస్త ఉన్నా ఒకే రేకుతో చేసిన బ్యాక్‌వర్డ్ బ్లేడు తీసుకోండి, మూడు నాలుగు శాతం సామర్థ్యం వదులుకోండి.

దుమ్ము, పొట్టు, చెక్కపేళ్లు

ఇక్కడ రేడియల్ బ్లేడుదే రాజ్యం. 6 నుంచి 10 దాకా మందమైన తిన్నని పలకలు, అంతే. సామర్థ్యం తక్కువ, శబ్దం ఎక్కువ. గాలి పెరిగే కొద్దీ దీనిలోనూ పవర్ పెరుగుతూ పోతుంది కాబట్టి మోటారును కాస్త పెద్దది పెట్టాలి. కానీ బ్లేడు మీద ఏదీ నిలవదు. ఏది తగిలినా బయటికి జారిపోతుంది. అరిగితే పలక మీద ఇంకో పలక వెల్డింగ్ చేసుకోవచ్చు. ఫార్వర్డ్ బ్లేడ్ల గిన్నెల్లో దుమ్ము గడ్డకట్టినట్టు ఇందులో జరగదు.

అయితే రేడియల్ కొనే ముందు ఒక్క నిమిషం ఆలోచించండి: ఫ్యాన్‌లోంచి దుమ్ము పోవాల్సిన అవసరం నిజంగా ఉందా? సైక్లోన్ (గాలిని సుడి తిప్పి దుమ్మును వేరుచేసే పరికరం), బ్యాగ్ ఫిల్టర్ ముందు పెట్టి ఫ్యాన్‌ను వాటి తర్వాత, శుభ్రమైన గాలి వైపు పెడితే బ్యాక్‌వర్డ్ ఫ్యాన్ చాలు. సామాన్య దుమ్మును మోసుకెళ్లే డక్ట్‌లో గాలి సెకనుకు 18 నుంచి 20 మీటర్ల వేగంతో పోవాలి, లేకపోతే అడుగున పేరుకుంటుంది. ఆ వేగంలో నిరోధం బాగా ఉంటుంది, దానికి ఫిల్టర్ నిరోధం తోడవుతుంది. ఇంత ప్రెషర్‌తో రోజంతా నడిచే చోట పది పదిహేను శాతం సామర్థ్యం తేడా చిన్నది కాదు. డిజైన్ కాగితం మీద ఉన్నప్పుడు ఫ్యాన్‌ను ఒక పెట్టె అవతలికి జరపడానికి ఏ ఖర్చూ ఉండదు. చెక్కపేళ్లు, కాగితం ముక్కలు నేరుగా ఫ్యాన్‌లోంచే పోవాల్సిన చోట మాత్రం రేడియల్ తప్ప మరోటి వద్దు.

కేసింగ్ లేని ఫ్యాన్లు, రెండు వైపులా పీల్చేవి

బ్యాక్‌వర్డ్ ఇంపెల్లర్‌లో ప్రెషర్ చాలావరకు లోపలే తయారవుతుందని చెప్పాను కదా. ఆ కారణంగానే దాన్ని నత్తగుల్ల కేసింగ్ లేకుండా ఒక గది లాంటి పెట్టెలో ఊరికే తిప్పినా పని జరుగుతుంది. దీన్ని ప్లగ్ ఫ్యాన్ అంటారు. గాలి నాలుగు వైపులా సమంగా పోతుంది కాబట్టి డక్ట్‌ను ఏ వైపు నుంచైనా తీసుకోవచ్చు, తర్వాత వచ్చే కాయిల్ మీద గాలి సమంగా పరుచుకుంటుంది. కేసింగ్ ఉన్నదాని కంటే ఇంపెల్లర్ దగ్గర కాస్త నష్టం ఉన్నా, పెట్టెలో చోటు తగ్గడం, మోటారు నేరుగా తగలడం వల్ల మొత్తం మీద లాభమే. ఫార్వర్డ్ ఇంపెల్లర్‌ను ఇలా వాడటం కుదరదు, కేసింగ్ తీసేస్తే దాని ప్రెషర్ పోతుంది.

గాలి ఎక్కువ కావాలి, ఎత్తు పెరగకూడదు అంటే రెండు వైపులా పీల్చే ఇంపెల్లర్ ఉంటుంది. అదే వ్యాసం, అదే వేగం, అదే ప్రెషర్, దాదాపు రెట్టింపు గాలి. కానీ రెండు వైపులా గాలికి చోటు వదలాలి. ఒక వైపు గోడకు ఆనించి పెడితే అది సగం ఫ్యానే.

బెల్టా, నేరుగానా, వీఎఫ్‌డీనా

వేగం విషయంలో మూడు నియమాలు కంఠతా రావాలి: వచ్చే గాలి ఫ్యాన్ తిరిగే వేగంతో పెరుగుతుంది, ప్రెషర్ ఆ వేగం వర్గంతో, పవర్ ఆ వేగం ఘనంతో. వేగాన్ని 80 శాతానికి దించితే పవర్ 51 శాతానికి దిగుతుంది. సగానికి దించితే ఎనిమిదో వంతు. కాబట్టి గాలి అవసరం రోజులో మారుతూ ఉండే చోట డ్యాంపర్‌తో నియంత్రించడం అనే ఆలోచనే వదిలేసి వీఎఫ్‌డీ (మోటారు వేగాన్ని మార్చే ఎలక్ట్రానిక్ పరికరం) పెట్టండి. ఈ ఘనం లెక్క నిరోధమంతా డక్ట్‌దే అయినప్పుడు పూర్తిగా పనిచేస్తుంది. ఒక గదిలో ఎప్పుడూ ఒకే ప్రెషర్ నిలబెట్టాల్సి ఉంటే ఆదా అంత రాదు, అయినా వస్తుంది.

గాలి అవసరం మారని చోట, మొదట్లో సరిచేసుకునే వీలు కావాలంటే బెల్ట్ మంచి దారి. పుల్లీ మారిస్తే వేగం మారుతుంది, లెక్కలో వచ్చిన తప్పు అక్కడ సర్దుకోవచ్చు. బదులుగా వీ బెల్ట్‌లో కొన్ని శాతం శక్తి పోతుంది, వదులైతే ఇంకా పోతుంది, దాని రబ్బరు పొడి గాలిలో కలుస్తుంది. శుభ్రత ముఖ్యమైన చోట నేరుగా తగిలించిన మోటారే మేలు.

వేగం పెంచేటప్పుడు మాత్రం తొందరపడొద్దు. 10 శాతం పెంచితే పవర్ 33 శాతం పెరుగుతుంది, ఇంపెల్లర్ లోహం మీద ఒత్తిడి 21 శాతం పెరుగుతుంది, శబ్దం సుమారు 2 డెసిబెల్ పెరుగుతుంది. ప్రతి ఇంపెల్లర్‌కూ దాటకూడని వేగం ఒకటి ఉంటుంది. అది కొనేటప్పుడే రాతపూర్వకంగా తీసుకోండి. ఇంపెల్లర్ పగిలితే ముక్కలు కేసింగ్‌ను చీల్చుకుని బయటికి రాగలవు. ఇందులో మొహమాటానికి తావు లేదు.

వేడి గాలి, ఎత్తైన ప్రదేశం

ఫ్యాన్ ఒక వేగంలో ఎప్పుడూ ఒకే ఘనపరిమాణం గాలిని నెడుతుంది, ఆ గాలి బరువు ఎంతైనా సరే. ప్రెషర్, పవర్ మాత్రం బరువుతో మారతాయి. 200 డిగ్రీల దగ్గర గాలి సాంద్రత క్యూబిక్ మీటరుకు 0.74 కిలోల దాకా పడిపోతుంది. కేటలాగ్‌లో 1,000 పాస్కల్ అని రాసిన ఫ్యాన్ అక్కడ 620 పాస్కల్ మాత్రమే ఇస్తుంది. కాబట్టి కావాల్సిన ప్రెషర్‌ను ముందు 1.2 సాంద్రతకు మార్చి, ఆ పెరిగిన అంకెతో కేటలాగ్ చూడాలి. సముద్రమట్టానికి 1,500 మీటర్ల ఎత్తులో కూడా సాంద్రత సుమారు 14 శాతం తక్కువ, అక్కడా ఇదే పద్ధతి.

ఇక్కడే ఇంకో పొరపాటు జరుగుతుంది. వేడి గాలికని చిన్న మోటారు పెడతారు. పొద్దున్నే చల్లగా ఉన్నప్పుడు స్టార్ట్ చేస్తే అదే ఫ్యాన్ 1.6 రెట్లు పవర్ లాగుతుంది. డ్యాంపర్ మూసి స్టార్ట్ చేయడం, లేదా వీఎఫ్‌డీతో వేడెక్కేదాకా నెమ్మదిగా నడపడం, రెండింటిలో ఒకటి ముందే అనుకుని ఉండాలి.

మంచి ఫ్యాన్‌ను పాడుచేసేది

కేటలాగ్ అంకెలు వచ్చేది టెస్ట్ బెంచ్ మీద, గాలి తిన్నగా కంటిలోకి వెళ్లేటప్పుడు. మీ దగ్గర చోటు లేదని ఇన్‌లెట్‌కు ఆనించి వంపు పెడితే గాలి సుడి తిరుగుతూ లోపలికి వస్తుంది. సుడి ఇంపెల్లర్ తిరిగే వైపే ఉంటే ప్రెషర్ పడిపోతుంది. వ్యతిరేకంగా ఉంటే పవర్, శబ్దం పెరుగుతాయి. ఏ లెక్కలోనూ కనిపించని నష్టం ఇది. ఇన్‌లెట్ ముందు కనీసం డక్ట్ వ్యాసానికి మూడు రెట్ల పొడవున తిన్నని డక్ట్ ఇవ్వండి. కుదరకపోతే వంపులో గాలిని మళ్లించే రేకులు పెట్టండి. అవుట్‌లెట్ దగ్గర కూడా గాలి కేసింగ్ బయటి గోడకు ఒరిగి వస్తుంది. రెండున్నర వ్యాసాల దూరం తిన్నగా పోతేనే అది సర్దుకుంటుంది. ఫ్యాన్ రకం ఎంచుకోవడానికి వారం ఆలోచించి ఇన్‌లెట్‌ను గోడకు అడుగు దూరంలో పెట్టినవాళ్లను చూసినప్పుడు నాకు నిజంగా బాధేస్తుంది.

బ్యాక్‌వర్డ్ ఫ్యాన్‌కు ఇంకోటి కూడా చూడాలి. ఇన్‌లెట్ కోన్ (గాలిని లోపలికి నడిపే గరాటు) ఇంపెల్లర్ కంటిలోకి కొద్దిగా దూరి ఉంటుంది. ఆ రెండింటి మధ్య సందు చుట్టూ సమంగా, కంపెనీ చెప్పినంతే ఉండాలి. కోన్ పక్కకు జరిగితే నెట్టిన గాలి ఆ సందులోంచి మళ్లీ వెనక్కి వచ్చి చేరుతుంది.

తిరిగే దిశ సంగతి చాలామంది నమ్మరు. త్రీ ఫేజ్ వైర్లు తారుమారై ఇంపెల్లర్ తలకిందులుగా తిరిగినా గాలి అదే వైపు నుంచి వచ్చి అదే వైపుకు పోతుంది. తక్కువగా పోతుంది, అంతే. అందుకే నెలల తరబడి ఎవరూ కనిపెట్టరు, "ఈ ఫ్యాన్ బలహీనం" అని మాట పడిపోతుంది. నత్తగుల్ల ఏ దిశలో వెడల్పవుతూ అవుట్‌లెట్ వైపు పోతుందో ఇంపెల్లర్ ఆ దిశలోనే తిరగాలి. ఆపేటప్పుడు, చివరి చుట్లు తిరుగుతుండగా కళ్లతో చూస్తే తెలిసిపోతుంది.

కొటేషన్ అడిగేటప్పుడు

గాలి ఎంత, స్టాటిక్ ప్రెషర్ ఎంత, ఏ ఉష్ణోగ్రతలో, ఎంత ఎత్తులో, గాలిలో ఏముంది, రోజుకు ఎన్ని గంటలు, ఫ్యాన్ పక్కన మనుషులుంటారా అనేవి రాసి ఇవ్వండి. బదులుగా మీరు అడగాల్సింది ఒక్క అంకె కాదు, పూర్తి కర్వ్: ప్రెషర్, పవర్, సామర్థ్యం మూడూ ఉన్నది, మీ పాయింట్ గుర్తుపెట్టినది. టెస్ట్ ఐఎస్ఓ 5801 ప్రకారమా, ఏఎంసీఏ 210 ప్రకారమా (రెండూ ఫ్యాన్ టెస్ట్ ప్రమాణాలు) అని అడగండి. ఇంపెల్లర్ బ్యాలెన్స్ గ్రేడు జీ 6.3 అని ఉంటే మామూలు పరిశ్రమ ఫ్యాన్లకు సరిపోతుంది.

కర్వ్ చేతికి వచ్చాక మీ పాయింట్ నుంచి కుడికీ ఎడమకీ వేలు జరిపి చూడండి. నిరోధం 30 శాతం తక్కువైతే పవర్ ఎక్కడికి పోతోంది? 30 శాతం ఎక్కువైతే పల్లంలో పడుతున్నామా, గాలి ఎంత తగ్గుతోంది? రెండు కొటేషన్ల మీద ఇదే పని చేయండి. మీ పాయింట్ దగ్గర రెండూ ఒకేలా కనిపించిన ఫ్యాన్లు అక్కడ విడిపోతాయి.

బిగించాక ఒక పూట కేటాయించి మూడు కొలతలు తీయించండి: మోటారు కరెంటు, ఆర్‌పీఎం, ఇన్‌లెట్ అవుట్‌లెట్‌ల మధ్య స్టాటిక్ ప్రెషర్ తేడా. ఆ వేగానికి ఉన్న కర్వ్ మీద ఆ ప్రెషర్, ఆ పవర్ ఒకే గాలి విలువ దగ్గర కలుస్తున్నాయా చూడండి. కలిస్తే ఫ్యాన్ బాగానే ఉంది, గాలి తక్కువైతే తప్పు డక్ట్‌లో వెతకాలి. కలవకపోతే ఇన్‌లెట్ దగ్గరి వంపు, కోన్ సందు, తిరిగే దిశ, ఈ వరుసలో చూడండి. ఆ అంకెల్ని తేదీ వేసి కేసింగ్ మీదే పెయింట్‌తో రాయించండి. రెండేళ్ల తర్వాత ఎవరైనా గాలి తగ్గిందంటే, పోల్చుకోవడానికి ఆ మూడు అంకెలు అక్కడ ఉంటాయి.